చెత్త అనుకుంటే... చిందులేయించింది!

వణుకు తగ్గడానికి వేసుకున్న మాత్రే ఒంటిని మెలికలు తిప్పితే? పార్కిన్సన్స్‌కు ఏళ్ల తరబడి మందులు వాడేవారిలో చాలామందికి ఇది అనుభవమే. మొదట్లో చేతి వణుకు తగ్గుతుంది, అడుగు చకచకా పడుతుంది. కొన్నేళ్లు గడిచాక, మందు బాగా పనిచేసే వేళలోనే తల ఊగడం, కాళ్లూ చేతులూ వాటంతటవే మెలితిరగడం మొదలవుతాయి. దీన్నే డిస్కైనీషియా అంటారు. చూసే ఇంట్లోవాళ్లేమో జబ్బు ముదిరిందని బెంబేలెత్తిపోతారు.

మన కదలికలు సాఫీగా సాగాలంటే మెదడులో డోపమైన్ ఉండాలి. పార్కిన్సన్స్‌లో దాన్ని తయారుచేసే కణాలు క్షీణిస్తాయి. డోపమైన్‌ని నేరుగా ఇస్తే మెదడుకు చేరదు. అందుకే దాని ముడిసరుకైన లెవోడోపాని ఇస్తారు. దురద పుట్టించే మన దూలగొండి గింజల్లోనూ ఉండేది ఈ పదార్థమే. అమెరికాలో డాక్టర్ జార్జ్ కోట్జియాస్ బృందం లెవోడోపా చికిత్స ఫలితాలను 1969లో ప్రకటించినప్పుడే ఈ మెలికల సంగతీ బయటపడింది.

ఇంతకీ పని పూర్తయిన డోపమైన్ ఏమవుతుంది? కొంత తిరిగి కణాల్లోకే వెళుతుంది. కొంత భాగాన్ని ఓ ఎంజైమ్ 3-మిథాక్సీటైరమైన్‌గా మార్చేస్తుంది. పొడిగా 3-ఎంటీ అందాం. అది మరికొన్ని మార్పులు చెంది చివరికి మూత్రంలో పోతుంది. అందుకే చాలాకాలం దాన్ని ఎందుకూ కొరగాని వ్యర్థంగానే లెక్కగట్టారు.

ఆ లెక్క తప్పని 2010లో తేలింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ కారన్, రౌల్ గైనెట్‌దినోవ్, తత్యానా సోత్నికోవా తదితరులు చిట్టెలుకల మెదడులో డోపమైన్ లేకుండా చేశారు. అవి కదల్లేక బిగుసుకుపోయాయి. అప్పుడు 3-ఎంటీని నేరుగా మెదడులోకి ఎక్కించారు. అంతే... డోపమైన్ లేకుండానే ఎలుకలు కదిలాయి, అదుపులేని వింత కదలికలతో! టార్1 అనే గ్రాహకం లేని ఎలుకల్లో ఈ ప్రభావం కొంత తగ్గింది. అంటే 3-ఎంటీ కొంతవరకూ ఆ గ్రాహకం ద్వారానే పనిచేస్తోందన్నమాట.

అలాగని తప్పంతా దానిదే అనలేం. ఇది ఎలుకల్లో తేలిన సంగతి. మాత్ర మాత్రకీ మధ్య మెదడులో డోపమైన్ ఎగుడుదిగుడవడమూ మెలికలకు ముఖ్య కారణమే. కాకపోతే, చెత్తబుట్టలో వెతికితే కొత్త మందుకు దారి దొరకొచ్చని ఈ పరిశోధన గుర్తుచేసింది.

ఈలోగా ఇంట్లోవాళ్లు చేయగలిగిందీ ఉంది. మెలికలు ఏ వేళ వస్తున్నాయో, అప్పటికి మాత్ర వేసుకుని ఎంతసేపయిందో ఓ కాగితంమీద రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించాలి. మోతాదు తగ్గించి ఎక్కువసార్లు ఇవ్వడమో, అమాంటడిన్ జోడించడమో వైద్యులు నిర్ణయిస్తారు. మెలికలకు భయపడి మాత్రలు మాత్రం సొంతంగా ఆపేయకూడదు. ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్ర జ్వరంతో ప్రాణం మీదికే రావచ్చు.