కోచ్ వస్తున్నాడు, వెళ్తున్నాడు.. విద్య మిగులుతోందా?

2014 జులైలో చైనాలోని వుహాన్ నగరంలో జరిగిన ఫిబా ఆసియా కప్‌లో భారత పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు చైనాను 65-58తో ఓడించింది. ఆసియా బాస్కెట్‌బాల్‌లో చైనాను దాని సొంతగడ్డపై ఓడించడమంటే చిన్న విషయం కాదు. అప్పుడు మన జట్టు కోచ్ స్కాట్ ఫ్లెమింగ్. ఆయనేమీ ఎన్‌బీఏలో వెలిగిన మాజీ స్టార్ కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మౌంట్ వెర్నన్ నజరీన్ అనే చిన్న విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి కుర్రాళ్లకు ఆట నేర్పిన కాలేజీ కోచ్.

ఫ్లెమింగ్ 2012 నుంచి 2015 వరకు భారత జట్టుతో ఉన్నారు. 2017లో గ్రేటర్ నోయిడాలో ఎన్‌బీఏ అకాడమీ మొదలైనప్పుడు దానికి టెక్నికల్ డైరెక్టర్ అయ్యారు. 2025లో జెడ్డాలో జరిగిన ఆసియా కప్ నాటికి మళ్లీ భారత జట్టు బాధ్యత ఆయన చేతికే వచ్చింది. పదేళ్ల తర్వాత కూడా అదే మనిషిని పిలవాల్సి రావడం ఆయన ప్రతిభకు గుర్తింపే. కానీ ఆయన నేర్పింది ఈ పదేళ్లలో మన దగ్గర ఎంత మిగిలిందన్న ప్రశ్న కూడా అక్కడే పుడుతుంది.

జట్టు పాయింట్లు చేయలేక ఓడినప్పుడల్లా ఒక సలహా వినిపిస్తుంది: అమెరికాలో రిటైరైన కాలేజీ కోచ్‌లు ఎందరో ఉన్నారు, వారిలో ఒకరిని దాడి వ్యూహాల సలహాదారుగా తెచ్చుకుంటే సరిపోతుంది కదా అని. సలహా మంచిదే. అయితే అది ఎక్కడ పనిచేసిందో, ఎందుకు పనిచేసిందో చూడాలి.

నాలుగేళ్లు ఎదురుచూసిన సలహాదారు

ఇలాంటి నియామకాల్లో అన్నిటికన్నా పేరున్నది టెక్స్ వింటర్‌ది. దశాబ్దాల పాటు కాలేజీ జట్లకు కోచింగ్ ఇచ్చిన వింటర్‌ను 1985లో, 63 ఏళ్ల వయసులో, షికాగో బుల్స్ సహాయ కోచ్‌గా తీసుకుంది. ఆటగాళ్లు త్రిభుజాకారంలో నిలబడి, పాస్‌ల ద్వారా ఖాళీలు సృష్టించుకునే ‘ట్రయాంగిల్’ పద్ధతి ఆయన ప్రత్యేకత. జట్టులో మైకేల్ జోర్డాన్ అప్పటికే ఉన్నాడు. అయినా మొదటి నాలుగేళ్లలో వింటర్ పద్ధతి జట్టు ఆటగా మారలేదు. 1989లో ఫిల్ జాక్సన్ హెడ్ కోచ్ అయి దాన్ని తన పద్ధతిగా స్వీకరించాకే అది కోర్టు మీదకు వచ్చింది. ఆ తర్వాత 1991 నుంచి 1998 మధ్య బుల్స్ ఆరు టైటిళ్లు గెలిచింది.

పీట్ కారిల్‌దీ అలాంటి కథే. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 29 సీజన్లు కోచ్‌గా చేసి 1996లో తప్పుకున్న కారిల్, శాక్రమెంటో కింగ్స్‌లో సహాయ కోచ్‌గా చేరారు. పొడవాటి ఆటగాళ్లు బుట్ట కింద కాచుకుని ఉండకుండా బయటికొచ్చి పాస్‌లు ఇవ్వడం, వాళ్లు వదిలిన ఖాళీలోకి మిగతావారు దూసుకెళ్లడం ఆయన పద్ధతి. హెడ్ కోచ్ రిక్ అడెల్‌మన్ దాన్ని నమ్మారు. పాస్ ఇవ్వడం తెలిసిన డివాచ్, వెబ్బర్ లాంటి పొడగరులు జట్టులో ఉన్నారు. 2001-02 సీజన్‌లో కింగ్స్ 61 మ్యాచ్‌లు గెలిచింది.

ఈ రెండు చోట్లా సలహాదారు ఒక్కడి వల్లే అంతా జరగలేదు. ఆయన మాటను అమలు చేసే హెడ్ కోచ్ ఉన్నాడు. సీజన్ పొడుగునా, ఏళ్ల తరబడి కలిసి సాధన చేసే ఆటగాళ్లున్నారు.

శిబిరంలో కుదిరేది కాదు

డిఫెన్స్‌ను ఫిట్‌నెస్‌తో, పట్టుదలతో కొంతవరకు త్వరగా మెరుగుపరచవచ్చు. దాడి అలా కాదు. 24 సెకన్లలో షాట్ వేయాలి. బంతి చేతిలో ఉన్నవాడు ఎటు కదిలితే మిగతా నలుగురూ ఎటు వెళ్లాలో ఆలోచించుకునే వ్యవధి ఉండదు. అది ఐదుగురికీ కలిపి పట్టాల్సిన అలవాటు.

మన జాతీయ ఆటగాళ్లలో చాలామంది రైల్వేస్, ఓఎన్‌జీసీ, సర్వీసెస్, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ లాంటి సంస్థల జట్లకు ఆడతారు. ఒక్కో జట్టుది ఒక్కో పద్ధతి. టోర్నీ ముందు శిబిరంలో కలుస్తారు, టోర్నీ కాగానే విడిపోతారు. ఏడాది పొడవునా సాగే, నిలకడైన ప్రొఫెషనల్ లీగ్ దేశంలో ఇంకా కుదురుకోలేదు. ఇలాంటి ఏర్పాటులోకి వింటర్ అంతటివాడు వచ్చినా మొదటి వారమంతా పాఠాన్ని మొదటి నుంచి మొదలుపెట్టడానికే సరిపోతుంది.

ఈ దారిలో భారత్ ముందే నడిచింది. 2010లో ఐఎంజీ-రిలయన్స్‌తో బాస్కెట్‌బాల్ సమాఖ్య ఒప్పందం కుదిరాక, 2011లో పురుషుల జట్టుకు ఎన్‌బీఏ అనుభవమున్న కెన్నీ నాట్, మహిళల జట్టుకు పీట్ గాడెట్ వచ్చారు. గాడెట్ డ్యూక్ విశ్వవిద్యాలయంలో మైక్ షషెఫ్‌స్కీకి చాలాకాలం సహాయకుడు. పొడవాటి ఆటగాళ్లను తీర్చిదిద్దడంలో పేరున్న మనిషి. ఇద్దరూ ఎక్కువకాలం ఉండలేదు. వాళ్ల తర్వాత వచ్చినవారు కొత్త పద్ధతితో మళ్లీ మొదలుపెట్టారు.

అయితే నేర్పింది పూర్తిగా వృథా అయిందనీ చెప్పలేం. ఫ్లెమింగ్ వెళ్లిపోయాక, 2016లో టెహ్రాన్‌లో జరిగిన ఫిబా ఆసియా చాలెంజ్‌లో భారత్ మళ్లీ చైనాను ఓడించింది. ఈసారి 70-64తో. వుహాన్‌లో ఆడినవారిలో కొందరు ఆ జట్టులోనూ ఉన్నారు. అంటే విద్య ఆటగాళ్లలో నిలిచింది. కానీ ఆటగాడి కెరీర్ పదేళ్లు, మహా అయితే పన్నెండేళ్లు. అతనితో పాటే అదీ రిటైరవుతుంది. కోచ్‌లో నిలిచిన విద్య ముప్పై ఏళ్లు ఉంటుంది.

గ్రేటర్ నోయిడా, గచ్చిబౌలి

ఢిల్లీ శివార్లలోని గ్రేటర్ నోయిడా అకాడమీ ఈ లోపాన్ని ఒకవైపు నుంచి సరిదిద్దింది. ఎంపికైన కుర్రాళ్లు అక్కడే ఉండి, చదువుకుంటూ, ఒకే పద్ధతిలో రోజూ సాధన చేశారు. ఫలితమూ కనిపించింది. పంజాబ్ కుర్రాడు ప్రిన్స్‌పాల్ సింగ్ అక్కడ సాధన చేశాక 2020లో అమెరికాలో ఎన్‌బీఏ జి లీగ్ ఇగ్నైట్ జట్టుకు వెళ్లాడు. కానీ అది ఒక విదేశీ లీగ్ నడిపే ఏర్పాటు. దాని తొలి లక్ష్యం మంచి ఆటగాళ్లను తయారుచేయడం. భారత కోచ్‌లను తయారుచేయాల్సిన బాధ్యత సమాఖ్యదీ, ప్రభుత్వానిదీ.

ఆ బాధ్యత ఎలా ఉంటుందో తెలుగువారికి బ్యాడ్మింటన్ చూపించింది. 2017లో ఇండోనేసియా కోచ్ ముల్యో హండోయో హైదరాబాద్‌లో పనిచేసిన ఏడాదే శ్రీకాంత్ నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. ఆ ఏడాది చివరికే ముల్యో వెళ్లిపోయారు. 2019లో దక్షిణ కొరియా కోచ్ కిమ్ జి హ్యూన్ శిక్షణలో సింధు బాసెల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. కొద్ది వారాలకే కిమ్ కూడా వెళ్లిపోయారు. ఆటకు కుదుపు తగిలింది కానీ కథ మళ్లీ మొదటికి రాలేదు. 2021లో టోక్యోలో సింధు మరో కొరియా కోచ్ పార్క్ టే సాంగ్‌తో కాంస్యం తెచ్చింది. ఎందుకంటే కింద కోర్టులున్నాయి, రోజూ ఆడే జోడీలున్నాయి, గోపీచంద్ లాంటి స్థానిక గురువులున్నారు. విదేశీ కోచ్ అక్కడ ఉన్న ఇంటికి అంతస్తు వేశాడు. బాస్కెట్‌బాల్‌లో ప్రతి కోచ్‌నూ పునాది నుంచి కట్టమంటున్నాం.

విదేశీ కోచ్‌ల ఖర్చుకు కేంద్రం జాతీయ సమాఖ్యలకు సాయం చేస్తుంది. అది ప్రజాధనం. అందుకే ఒప్పందంలో గెలుపోటములతో పాటు బోధన కూడా ఒక షరతు కావాలి. వచ్చే సలహాదారు వెంట ఇద్దరు ముగ్గురు భారత కోచ్‌లు ఒప్పందం పొడుగునా ఉండాలి. ఆయన పద్ధతి జూనియర్ జట్ల నుంచి సీనియర్ జట్టు వరకు ఒకటే కావాలి. ఆ పాఠాలు పటియాలా జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చేసేవారికీ చేరాలి. ఆయన వెళ్లిన మర్నాడు శిబిరంలో అదే పాఠాన్ని కొనసాగించగల భారత కోచ్ ఉన్నాడా లేడా అన్నదే ఆ నియామకానికి అసలు కొలత.

రిటైరైన కాలేజీ కోచ్ గొప్పతనం ఒక్కటే: ఏటా కొత్త కుర్రాళ్లు వచ్చినా విసుగు లేకుండా మొదటి పాఠం నుంచి చెప్పగలడు. ఆయన్ను పిలిపించుకుని రెండు టోర్నీలు గెలిపించమనడం కన్నా, ఇలా నేర్పగల పదిమందిని ఇక్కడ తయారుచేసి వెళ్లమనడం మంచి బేరం. వుహాన్ గెలుపును పన్నెండేళ్ల తర్వాత కూడా జ్ఞాపకంగానే చెప్పుకుంటున్నామంటే ఆ బేరం ఇంకా కుదరలేదనే అర్థం.