దాణా బస్తా మీద బూజు విషం లెక్క అచ్చు వేయాల్సిందే

2025 అక్టోబరు చివర మొంథా తుపాను వరంగల్ చుట్టుపక్కల చేతికొచ్చిన పంటల్ని ముంచేసింది. కల్లంలో తడిసి ముక్కిన మక్కలకు ధర పలకదు, అవి చివరికి చేరేది కోళ్ల దాణాలోకే. వాటికి పట్టే పచ్చబూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఒంట్లోకి వచ్చిన విషాన్ని విరవడం కార్జం పని. ఈ విషాన్ని విరవబోయి కార్జమే దాన్ని ఇంకా చురుకైనదిగా మార్చుకుని తన కణాలను పాడుచేసుకుంటుంది. ముదురెరుపు కార్జం పాలిపోయి, పసుపెక్కి, కొవ్వు పేరుకుని, వేలితో నొక్కితే చిదికిపోతుంది. రక్తం గడ్డకట్టడం తగ్గి తోలు కింద నెత్తురు కములుతుంది. కొక్కెర తెగులుకు వేసిన టీకా సరిగా పట్టదు. అదేదో రోగమనుకుని రైతు నీళ్లలో యాంటీబయాటిక్ కలుపుతాడు. దాణాలో ఉన్న విషాన్ని ఆ మందు ఏం చేయగలదు?

ఈ విషం కొత్తది కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాక, తప్పు బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లిచెక్కలో ఉందని తేలింది. 1982లో చిత్తూరు జిల్లా ఫారాల్లో ఇదే విషంతో కోడిపిల్లలు రాలిపోయాయి. 1985లో వరంగల్ ప్రాంతంలో బూజు మక్కల దాణాతో గుడ్లు సగానికి పడిపోయాయి. మనుషుల మాటా వినండి: 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు మక్కలు తిని 106 మంది కామెర్లతో చచ్చిపోతే, ఆ లెక్క తీసింది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులే. ఇంత తెలిసీ ఏం చేశారు? కోళ్ల దాణాలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ రాసిపెట్టింది. అంటే టన్నుకు 20 మిల్లీగ్రాములు, చిటికెడు కూడా కాదు. అంత చిన్న హద్దును కంటితో, ముక్కుతో కనిపెట్టలేం. బస్తా మీద మాంసకృత్తుల శాతం గొప్పగా అచ్చు వేసేవాళ్లు ఈ ఒక్క అంకె ఎందుకు వేయరు? కోడిపిల్లల్నీ దాణానీ కంపెనీయే ఇచ్చి పెంపకం చేయించే చోట, దాణా నాణ్యత కంపెనీ గుట్టు, చచ్చిన కోళ్ల భారం రైతు నెత్తిన. ఇది దగా.

విషాన్ని పట్టేసే మట్టి దాణాలో కలుపుతున్నాం కదా అంటారు కంపెనీలవాళ్లు. బెంటోనైట్ అనే ఆ మట్టి అఫ్లటాక్సిన్‌ను కొంత పడుతుంది, టి-2 లాంటి ఇతర బూజు విషాలను సరిగా పట్టదు. ఉడికిస్తే పోతుందంటారు, కుక్కర్ వేడికి ఇది చావదు. కార్జం పసుపెక్కడానికి వేరే కారణాలూ ఉంటాయంటారు. నిజమే, అందుకే రంగు చూసి వాదులాడకుండా దాణానే పరీక్షించమంటున్నాం. చవకలో చేసే ఎలీసా పరీక్షను పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఎప్పుడో తయారుచేసింది కనుక ఖర్చు సాకు కూడా నిలవదు. కోడి మాంసంలో కంటే కార్జంలో ఈ విషం ఎక్కువ మిగులుతుంది. కొద్దిగానే కావచ్చు. కానీ కిలో కోడి కొనలేక కార్జం, కందనకాయలు కొనేది మన బస్తీ ఇళ్లే, అందులో మెత్తని ముక్క పెట్టేది పిల్లలకే. మీ చికెన్ సెంటర్‌లో అడగండి: ఈ కోడి తిన్న దాణాకు పరీక్ష జరిగిందా? ప్రతి బస్తా మీద ఆ అంకె ఉండేలా ఉత్తర్వు ఇమ్మని పశుసంవర్ధక శాఖకు రాసే అర్జీ మీద సంతకం పెట్టండి.