విజయాల పట్టికలో చేరని పేరు

ఇంగ్లండులోని ప్రెస్టన్ నార్త్ ఎండ్ ఫుట్‌బాల్ క్లబ్బు 1888-89లో జరిగిన మొట్టమొదటి లీగులో 22 ఆటలాడి, 18 గెలిచి, ఒక్కటైనను ఓడలేదు. ఆ యేడే ప్రత్యర్థులను ఒక్క గోలైనను చేయనీయక ఎఫ్.ఏ. కప్పు గెలిచినది. మరుసటి యేడును లీగు వారిదే. పిమ్మట నేటివరకు లీగు మరల దక్కలేదు. కప్పు మాత్రము 1938లో మరొక్కమారు దక్కినది.

పట్టికను మాత్రమే చూచువారికి ఈ క్లబ్బు ఒక గతవైభవము. మేమట్లు తలపము. 1946 నుండి 1960 వరకు టామ్ ఫిన్నీ ఈ క్లబ్బు పక్షమున 433 లీగు ఆటలాడి 187 గోల్సు చేసినాడు. (వృత్తిచేత నీటిగొట్టాల పనివాడు!) ప్రథమశ్రేణి లీగు విజేత పతకము గాని, ఎఫ్.ఏ. కప్పు గాని ఆయనకు అందలేదు. 1954 ఫైనలులో 3-2తో ఓటమియే మిగిలినది. అయినను క్లబ్బు ఘనతలను లెక్కించునపుడు ఆ కప్పుల సరసనే ఆయన పేరును వ్రాయవలెనని మా అభిప్రాయము.