ఇల్లాలి లెక్కలు: గుడారపు బాడుగ



ఆర్మూరు ప్రాంతమునుండి యొక సోదరి వ్రాసిన యుత్తరము నా యెదుట నున్నది. పసుపు అమ్ముడుపోయి కొంత సొమ్ము చేతికి వచ్చినదట. వేసవి సెలవులలో పిల్లలను, వృద్ధురాలగు తల్లిని వెంటబెట్టుకొని చెఱువుగట్టుననో కొండమీదనో గుడారములలో రెండు రాత్రులు గడపవలెనని కోరిక గలిగినదట. కాని యా రిసార్టువారు పంపిన ధరల పట్టికలో నాలుగు తరగతులున్నవి. నిరుడు చుట్టములు చెప్పిన ధర యొకటి, నేడు వ్రాసియున్న ధర మఱియొకటి. "వీనిలో నేది తీసికొనవలెను? ఇంత భేద మెందులకు?" అని యామె ప్రశ్న. నెలల తరబడి భూమిలో నుండి, త్రవ్వి, యుడికించి, యెండబెట్టి, మెఱుగుపట్టిన తరువాతగాని పసుపు రూపాయి కాదు. అట్టి సొమ్మును వ్యయపఱచుటకు ముందు ఆమె యింతగా విచారించుట నాకు సంతోషము గలిగించినది.

దీనికి నేను పుస్తకములు తిరుగవేసి బదులు చెప్ప నక్కఱలేదు. గడచిన సంక్రాంతి సెలవులలో మేమును నొక చెఱువుగట్టున గుడారములలో నొక రాత్రి గడపి వచ్చితిమి. అచట నేను చేసిన తప్పిదమును దాచక చెప్పెదను.

మా యిందల్వాయికి బాటసారులును వారి మకాములును క్రొత్త గాదు. పదునేడవ శతాబ్దమున గోలకొండకు ప్రయాణముచేసిన తెవెనో అను ఫ్రెంచి యాత్రికుడు ఈ యూరిని పేర్కొని, యిచట కత్తులు, బాకులు, బల్లెములు విస్తారముగా చేయుదురని వ్రాసెను. నేడు కత్తులు లేవు. జాతీయ రహదారిమీది సుంకపుగేటు మాత్ర మున్నది. ఆ గేటున బండికొక ధర, లారీకొక ధర యుండుట మేము నిత్యము చూచుచునే యుందుము. అయినను గుడారమునకు తరగతులు గలవని నాకు నిరుటివఱకు తెలియదు. గుడారమనగా గుడారమే యనుకొంటిని.

ఇంటిలో మేమైదుగురము: మావారు, నేను, ఇద్దరు పిల్లలు, మా యత్తగారు. అత్తగారికి డెబ్బదియేండ్లు సమీపించినవి. తన యిల్లు, పుట్టినిల్లు, పుణ్యక్షేత్రములలోని సత్రములు తప్ప మఱెచ్చటను ఆమె రాత్రి పరుండి యెఱుగదు. పిల్లలు ఫోనులో గుడారముల బొమ్మలు చూపగా, "గా నీళ్ల ఒడ్డుకు పండుకుంటరా? నేను గూడ వస్త బిడ్డా" అనెను. ఆమె నోరు విడిచి నన్నొకటి యడుగుట నా కాపురములో అదియే మొదటిసారి.

పట్టికలో మొదటి తరగతి వట్టి నేల. గుడారము మనమే తెచ్చుకొనవలెను. దానికి 600 రూపాయలు. రెండవది వారు వేసిన చిన్న గుడారము. క్రింద పఱుపు, లోపల నొక దీపము, స్నానపు గదులు అందఱికి ఉమ్మడి. మూడవదానిలో మంచములు, పంకా గలవు గాని స్నానపు గదు లుమ్మడియే. నాలుగవది స్విస్ టెంటు అని పిలువబడునది. పెద్దది, వెనుకవైపున దానికే చేరిన స్నానపు గది. రెండవదానికి 2,000, నాలుగవదానికి 3,400. కార్తికమాసమున మేము విచారించినప్పుడు రెండవదాని వెల 1,500 మాత్రమే. నడుమ రెండు నెలలలో 'డీలక్స్' అను క్రొత్తపేరుతోపాటు ఐదువందలును చేరినవి. పేరు మాఱినదిగాని పఱుపు మాఱలేదని పిమ్మట తెలిసినది.

నేను రెండవదానిని కోరితిని. ఒక్క రాత్రికై 1,400 రూపాయ లెక్కువ యేల యని నా వాదము. లెక్కల పంతులుగారైన మావారు పట్టిక క్రిందనున్న చిన్న యక్షరములను గూడ చదువుమనిరి. బడిలో పిల్లలకు చెప్పునట్లు నాకు చెప్పుచున్నారని కోపించి, నేను చదువలేదు.

అచటికి పోయిన పిమ్మట ఆ చిన్న యక్షరములు పెద్దవైనవి. రెండవ తరగతి గుడారము ముగ్గురికే. మే మైదుగురము గనుక రెండు గుడారములు, అనగా 4,000. ఉదయపు ఫలహారము వేఱు. మనిషికి 120 వంతున 600. మొత్తము 4,600. నాలుగవ తరగతి గుడారమున నలుగురుందురు, వారి ఫలహారము బాడుగలోనే చేరియున్నది. ఐదవవారి పఱుపునకు 500, ఫలహారమునకు 120 కలిపినను 4,020 మాత్రమే. చవుకయని నేను తీసికొన్నది పన్ను గాకయే 580 రూపాయ లెక్కువైనది! అప్పుడైనను మార్చుకొందమన్న నాలుగవ తరగతి గుడారములన్నియు నిండిపోయెను.

డబ్బు పోయిన విచార మొక పూటలో మఱచితిమి. మఱవలేనిది వేఱొకటి యున్నది.

ఉమ్మడి స్నానపు గదులు మా గుడారములకు రెండువందల యడుగుల దూరమున నుండెను. దారి రాళ్లమయము, నడుమ నొక్కటియే దీపము. ఆ గదుల ముందు పరాయి మగవారు గుంపుగా కూర్చుండి అర్ధరాత్రము వఱకు పాటలు పాడుచుండిరి. వారు చెడ్డవారని నే ననను. కాని మోకాళ్లనొప్పిగల ముసలియామె చెంబు పట్టుకొని వారి నడుమనుండి పోగలదా? అత్తగారు సాయంకాలము ఒకసారి ఆ దారివంక చూచి, యేమియు ననలేదు. భోజనమప్పుడు "ఆకలి లేదు" అనెను. నీళ్లిచ్చితిని, "పక్కన పెట్టు బిడ్డా, తాగుత" అనెను. చెఱువుమీద వెన్నెలను చూచుచు పిల్లలకు తన చిన్ననాటి ముచ్చటలు చెప్పినది. ఆమె యంత సంతోషముగా మాటలాడుట నే నెన్నడును చూడలేదు.

తెల్లవాఱి లేచి నాలుగడుగులు వేయబోయి ఆమె కన్నులు తిరిగి కూలబడెను. చెంబు చూచితిని, నిండుగనే యున్నది. రక్తపుపోటునకు వేసికొనవలసిన మాత్ర కొంగుముడిలో దొరకినది. ఆ మాత్ర వేసికొన్నచో మాటిమాటికి బయటికి పోవలసివచ్చునని మధ్యాహ్నమునుండియే నీరును మాత్రయు మానుకొన్నదట. దగ్గఱి యూరిలోని వైద్యునియొద్దకు తీసికొనిపోగా ఆయన సెలైను పెట్టి, సాయంకాలమునకు పంపివేసిరి. "ముందుగా నాతో నెందుకు చెప్పలేదమ్మా?" యని మావా రడిగిరి. "పిల్లలు సంబురపడుతుండిరి కొడుకా, మల్ల జల్ది ఇంటికి పోదామంటరని" అనెను.

సోదరీ! మన స్త్రీలు ప్రయాణములలో నీళ్లు త్రాగకుండుట మీ రెఱుగనిది కాదు. బస్సులలో, పెండ్లిండ్లలో, జాతరలలో మన మందఱము చేయు పనియే. ఆ 1,400 రూపాయల భేదము దేనికని నేను వాదించితినో, దానిలో ముఖ్యభాగము ఆ వెనుకనున్న స్నానపు గదికే. మీ తల్లిగారు వచ్చుచున్నచో నాలుగవ తరగతి తీసికొనుడు; లేదా గుడారములు మాని, మామూలు గదినే తీసికొనుడు. పిల్లలును మీరును మాత్రమే పోవునెడల రెండవది చాలును. కాని స్నానపు గదులు ఎన్ని యడుగుల దూరమో, వాని తలుపునకు లోపలి గడియ గలదో లేదో, రాత్రియంతయు దీప మెలుగునో లేదో ఫోనులోనే యడిగి తెలిసికొనుడు. అడుగుటకు సిగ్గుపడవలదు. నేను సిగ్గుపడితిని.

ఇక ధరలు మాఱుటనుగూర్చి. రిసార్టువారి పక్షమునను కొంత చెప్పవలసియున్నది. గుడారపు గుడ్డ వానకు ముఱుగును, గాలికి చినుగును, ఎండకు పిగులును. లంబసింగి మంచు చూచుటకు గాని, గండికోట పెన్నాలోయ చూచుటకు గాని జనము చలికాలమున నెక్కుడుగా వత్తురు. అందును శని, ఆదివారములలో. ఆ కొలది రాత్రుల సంపాదనతోనే కావలివానికి, పాకీవానికి ఏడాదిపొడుగున జీతమీయవలెను. కావున పండుగ ధర, వారాంతపు ధర, మామూలు ధర యని మూడు విధములుగా నుండుట అన్యాయము గాదు. మంగళవారమున పోగలవారికి అదే గుడారము చవుక. బడి సెలవులను బట్టి కదలు మా వంటి యిండ్లకే ఆ భాగ్యము లేదు.

గుడారమునకు పన్ను లేదనుకొనవలదు. వస్తుసేవల పన్ను నిబంధనలలో హోటలు బస యనగా సత్రములు, అతిథిగృహములతోపాటు శిబిరస్థలములును చేరును. 2022 జూలై 18కి పూర్వము దినమునకు 1,000 రూపాయల లోపు బాడుగకు పన్ను లేకుండెను. ఆనాటినుండి దానికిని నూటికి 12 వంతున విధించిరి. 2025 సెప్టెంబరు 22 నుండి 7,500 రూపాయల వఱకు గల బసలకు 5కు తగ్గించిరి. అంతకు మించినవానికి 18. అనగా 2,000 రూపాయల గుడారమునకు మునుపు 240 పన్ను, ఇప్పుడు 100. తగ్గిన యా 140 మీకు దక్కినదో, పెంచిన బాడుగలో కలిసిపోయినదో పాత పట్టికను ప్రక్కన బెట్టుకొని చూచుకొనుడు.

దేవుని సన్నిధిని గూడ తరగతులు గలవు. తిరుమలలో నారాయణగిరి విశ్రాంతిగృహములందు 150 రూపాయలున్న గదుల బాడుగను పన్నుతో గలిపి 1,700 చేసినప్పుడు, 2023 జనవరిలో, ఎంత చర్చ జరిగెనో మీకు జ్ఞాపక ముండును. గదులను బాగుచేసి శీతలయంత్రములు, వేడినీటి యంత్రములు పెట్టితిమని దేవస్థానమువారు చెప్పిరి. సామాన్యుల 50, 100 రూపాయల గదుల జోలికి పోలేదనియు చెప్పిరి. నాకు వారి సమాధానములో నచ్చినది ఆ రెండవ మాటయే. పై తరగతి యెంత పెరిగినను క్రింది తరగతి నిలిచియున్నచో బీదవారికి దారి మూయబడదు. మా రిసార్టువారు చేసినది వేఱు: క్రింది తరగతికి పై తరగతి పేరుపెట్టి వెల పెంచిరి.

గుడారములు వేయు నేలనుగూర్చి వ్యాసభారతము ఉద్యోగపర్వమున నొక ఘట్టము గలదు. ధర్మరాజు కురుక్షేత్రమున సేనను దించునప్పుడు శ్మశానములను, దేవాలయములను, ఋష్యాశ్రమములను విడిచి, గడ్డియు కట్టెలును గల సమతలమును వెదకెను. ధృష్టద్యుమ్నుడును సాత్యకియు శిబిరమును కొలిపించిరి. హిరణ్వతీ నదియొద్ద శ్రీకృష్ణుడు కందకము త్రవ్వించి, కావలి యుంచెను. నీరు, సమమైన నేల, కావలి: ఈ మూడింటిని యుద్ధమునకు పోవువారే ముందు చూచుకొనిరి. చిన్నతనమున మా తండ్రిగారియొద్ద ఈ ఘట్టమును చదివియు, పట్టికలో వెలను మాత్రమే చూచితిని.

2027లో మన గోదావరికి పుష్కరములు వచ్చుచున్నవి. బాసరయొద్దను, గోదావరి మంజీర హరిద్రలు కలియు కందకుర్తియొద్దను మఱల గుడారములు వెలయకపోవు. మా యత్తగా రిప్పటినుండియే దినములు లెక్కించుచున్నది. నిన్న వంటయింటి గడపపై కూర్చుండి చిక్కుడుకాయలు తుంచుచు, "గా ఎనుకకు స్నానపు గది ఉంటది సూడు, గసొంటిదానికి ఎంతయితది బిడ్డా?" అని యడిగెను. నెలకు 300 చొప్పున నొక డబ్బాలో వేయుట మొదలు పెట్టితిని.