బడ్జెట్ ఎవరిది బాబూ?

మన ఐటీ జనాలకి బడ్జెట్ అంటే ఫిబ్రవరి ఒకటో తారీఖు. స్లాబ్ మారిందా, స్టాండర్డ్ డిడక్షన్ పెరిగిందా.. అది తేలితే టీవీ కట్టేస్తాం. అసలు కథ మార్చిలో ఉంటుంది, దాన్ని చూసే నాథుడు లేడు.

సర్కారు సొమ్ము దేనికి ఖర్చు పెట్టాలో తేల్చేది లోక్‌సభ అని సివిక్స్‌లో బట్టీ పట్టాం కదా. రాజ్యాంగంలో 113వ అధికరణం ఒకసారి తీసి చదవండి. మంత్రిత్వ శాఖలు అడిగిన పద్దుల్ని సభ ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, తగ్గించొచ్చు. పెంచడానికి మాత్రం ఒక్క రూపాయి కూడా లేదు! పోనీ తగ్గిద్దామా అంటే, కోత తీర్మానం నెగ్గితే ప్రభుత్వం దిగిపోవాలన్నది ఆనవాయితీ. అందుకని పార్టీ విప్ జారీ చేస్తుంది. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్‌ని ధిక్కరిస్తే సీటే ఊడుతుంది. అంటే అధికార పక్షం ఎంపీకి ఉన్నది రీడ్ యాక్సెస్ మాత్రమే అన్నమాట.

కనీసం చర్చయినా జరుగుతుందా? గడువు అయిపోతే, చర్చకి రాని పద్దులన్నీ కలిపి ఒక్కసారే ఓటింగుకి పెట్టేస్తారు. దీని పేరు గిలెటిన్. తలలు నరికే యంత్రం పేరు పెట్టిన ఆ మహానుభావుడెవరో గానీ దణ్ణం పెట్టాలి. 2018 మార్చి 14న అన్ని శాఖల పద్దులూ, ఫైనాన్స్ బిల్లూ చర్చే లేకుండా అరగంట ప్రాంతంలో పాసైపోయాయి. అది 24 లక్షల కోట్ల పైచిలుకు బడ్జెట్. ఆ సమావేశాల్లోనే మన ఆంధ్రా ఎంపీలు ప్రత్యేక హోదా కోసం వెల్‌లో నిలబడి అరుస్తున్నారు. వాళ్ళు అడిగింది న్యాయమే. కానీ డబ్బులు ఆ గోల మధ్యలోంచే వెళ్ళిపోయాయి! 2023 మార్చి 23న మళ్ళీ అదే వరస. గోలకి కారణం వేరు, పద్దు 45 లక్షల కోట్లు.

"మనం గెలిపించిన ప్రభుత్వమే కదా, దాని ఇష్టం" అంటారా? సరే. 2019 జూలైలో బడ్జెట్ పాసైంది. రెండు నెలలు తిరక్కుండానే, సెప్టెంబరు 20న, మినహాయింపులు వదులుకునే కంపెనీలకి పన్ను 22 శాతానికి దించుతూ ఆర్డినెన్సు వచ్చింది. ఖజానాకి తగ్గేది ఏడాదికి 1.45 లక్షల కోట్లని సర్కారే చెప్పింది. తగ్గించడం ఒప్పా తప్పా అన్నది వేరే గొడవ. అంత సొమ్ము వదులుకోవాలన్న నిర్ణయం సభ లేనప్పుడు జరిగిపోయింది. డిసెంబరులో సభ కూర్చుని ముద్ర వేసింది. ప్రొడక్షన్‌లో పెట్టేశాక కోడ్ రివ్యూకి పంపినట్టు. మన టీమ్‌లో ఎవడైనా అలా చేస్తే ఊరుకుంటామా?

అన్నట్టు, లోక్‌సభ సైట్లో చర్చలన్నీ పొల్లు పోకుండా పెడతారు. మీ ఎంపీ పేరు కొట్టి, పద్దుల మీద ఎన్నిసార్లు నోరు తెరిచారో లెక్కపెట్టండి. చేతివేళ్ళు చాలనుకుంటా :)