ఎరవు గొడుగు

అమెరికా తన గొడుగును ముడుచుకొనునేమో యని ఐరోపా నేడు కలత చెందుచున్నది. కలత సహజమే. కాని తప్పంతయు అమెరికాపై మోపువారు ఒకమారు పాత చరిత్రను తిరుగవేయవలెను.

ఐరోపాకు ఉమ్మడి సేన కావలెనని 1950 అక్టోబరులో ప్రతిపాదించినవాడు ఫ్రాన్సు ప్రధాని రెనె ప్లెవెన్. 1952 మే 27న పారిసులో ఆరు దేశములు ఆ సంధిపై సంతకములు చేసినవి. 1954 ఆగస్టు 30న దానిని త్రోసిపుచ్చినది ఎవరు? ఆ ఫ్రాన్సు శాసనసభయే! జర్మనీ చేతికి మరల ఆయుధమా యను భయము ఒకవైపు, తన సేనపై తన యధికారము పోవునను శంక వేరొకవైపు. అనుకూలముగా 264 వోట్లు, ప్రతికూలముగా 319. మరుసటి యేడే పశ్చిమ జర్మనీ నాటోలో చేరెను. భయపడినది జరుగనే జరిగినది; ఉమ్మడి సేన మాత్రము లేకపోయెను.

1949 నాటి నాటో సంధిలోని ఐదవ అధికరణమును విద్యార్థులు శ్రద్ధగా చదువవలెను. ఒకరిపై దాడి అందరిపై దాడియే యని మొదట నున్నది. పిదప, ప్రతి దేశమును తనకు అవసరమని తోచిన చర్య తీసికొనునని యున్నది. ఆ 'తోచిన' అను విశేషణమును వ్యాకరణము చెప్పు మాబోంట్లు ఉపేక్షింపలేరు. ఎస్తోనియా వంటి చిన్న దేశపు ప్రాణము దానిపై నిలిచియున్నది. ఆ యధికరణము ప్రయోగింపబడినది ఒక్కసారియే, 2001లో. అదియు అమెరికా కొఱకే!

రక్షణకును, తత్సంబంధమైన పనులకును 2035 నాటికి దేశీయోత్పత్తిలో నూటికి 5 వంతులు వెచ్చింతుమని 2025 జూనులో హేగ్ సభయందు ప్రకటించిరి. సొమ్ము సమకూరవచ్చును. సేనలకు ఆజ్ఞ యిచ్చువారెవరు? ఆ ప్రశ్నకు పారిసు 1954లో చెప్పిన యుత్తరమే నేటికిని చెల్లుచున్నది.