పొట్టు మనది, పండు వారిది

కొబ్బరి చెట్టును కల్పవృక్షమని పొగడుటలో మనవారు ఎన్నడూ లోభించలేదు. ఆకు పందిరికి, ఈనె చీపురుకు, మ్రాను దూలమునకు, కాయ వంటింటికి, పీచు తాటికి అని లెక్కపెట్టి మరీ పొగడినారు. ఆ స్తోత్రములో చోటు దొరకనిది ఒక్కటే: డొక్క నుండి పీచు తీయునపుడు రాలే గోధుమరంగు పొట్టు. డొక్క బరువులో పీచు సుమారు మూడవ వంతు మాత్రమే. తక్కినదంతయు ఈ పొట్టే. కోనసీమలో పీచు మిల్లుల ప్రక్కన ఇది గుట్టలు గుట్టలుగా పడి ఉండుట మనలో చాలమంది చూచినదే. వానకు నానితే దాని నుండి ఎర్రని నీరు కాలువలోనికి కారుతుంది. ఎండితే గాలికి లేచి కండ్లలో పడుతుంది. నిప్పంటుకుంటే మంట కనిపించకుండా రోజుల తరబడి లోలోపల రగులుతుంది.

ఆ పొట్టే ఈనాడు ఇటుకలుగా అచ్చు వేయబడి, మన దేశము నుండియు శ్రీలంక నుండియు ఓడలెక్కి, బ్రిటను, నెదర్లాండ్సు వంటి దేశములలో రాస్ప్‌బెర్రీ మొక్కలకు మట్టికి బదులుగా వాడబడుతున్నది. ఈ సంగతి తెలిసిన నాటి నుండి మా విద్యార్థులలో కొందరికి ఒక కోరిక పుట్టినది. పొట్టు మనదే గదా, ఆ పండును కూడా మన కళాశాల ఆవరణలోనే పండించరాదా అని వారి ప్రశ్న. పండించరాదనియే నా సమాధానము. కాని ఆ మాట చెప్పి ఊరుకొనుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు.

ముందు పండు సంగతి. రాస్ప్‌బెర్రీ అనగానే ఉర్దూ విభాగపు మిత్రులు “రస్‌భరీ మాకు తెలియనిదా!” అంటారు. బజారులో రస్‌భరీ పేర అమ్మే పసుపుపచ్చని పండు, ఎండుకాగితము వంటి తొడుగులో దాగి ఉండేది, టమాటా, వంకాయల కుటుంబమునకు చెందినది. రాస్ప్‌బెర్రీ గులాబీ కుటుంబపు ముళ్ళపొద. శాస్త్రీయ నామము రూబస్ ఇడియస్. పేరులోని పోలికయే గాని చుట్టరికము లేదు. దానికి నిజమైన బంధువు కావలెనంటే హిమాలయ సానువులలో అడవిగా కాచే హిసాలు ఉన్నది.

రాస్ప్‌బెర్రీ వేరు ఏండ్ల తరబడి బ్రతుకుతుంది. కొమ్మ ఆయువు మాత్రము రెండేండ్లు. మొదటి యేడు పెరుగుతుంది, రెండవ యేడు కాచి ఎండిపోతుంది. ఆ రెంటి నడుమ నిజమైన చలికాలము రావలెను. ఏడు డిగ్రీలకు దిగువన ఉండే చలి వందల గంటలు, పలు రకములకు 800 గంటలకు పైగా, తగిలితే గాని మొగ్గ సరిగా నిద్ర లేవదు. మొదటి యేటనే కాచి, అంత చలి కోరని రకములు లేకపోలేదు. కాని వాటికి మన వైశాఖపు ఎండ మరణశాసనము. పొట్టు మట్టికి బదులు కాగలదు గాని, శీతకాలమునకు బదులు కాలేదు.

మరి మంచి నేలలు గల ఆ దేశస్థులు మట్టిని ఎందుకు విడిచిరి? స్కాట్లండులో బ్లెయిర్‌గౌరీ పరిసరములు ఈ పండ్లకు పేరుపడినవి. అక్కడ తరతరములుగా నేలలోనే పండించినారు. ఫైటాఫ్తోరా అనెడి సూక్ష్మజీవి వేరుకుళ్ళు తెగులును తెచ్చినది. దాని బీజములు నేలలోని నీటిలో ఈదుకుంటూ ఒక వేరు నుండి మరొక వేరుకు పోగలవు. ఒకసారి నేలలో చేరితే ఏండ్ల తరబడి పోవు. పూర్వము మిథైల్ బ్రోమైడు వాయువును నేలలోనికి ఎక్కించి తెగుళ్ళను చంపేవారు. ఆ వాయువు ఓజోను పొరకు హాని చేయునని తేలగా, మాంట్రియల్ ఒడంబడిక క్రింద 2005 నాటికి సంపన్న దేశములు, కొద్దిపాటి మినహాయింపులతో, దానిని మానవలసి వచ్చినది. వేరును తెగులున్న నేలకు తాకనీయకుండుట ఒక్కటే మార్గముగా చాలమందికి తోచినది. పాలిథిన్ గుడారముల క్రింద కుండీలు పెట్టినారు. మొదట కుండీలను పీట్‌తో, అనగా చిత్తడి నేలలలో వేల ఏండ్లుగా పేరుకొనిన నాచుమట్టితో, నింపినారు. ఆ మట్టి ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మందము మాత్రమే పెరుగుతుంది. దానిని త్రవ్వితే అందులో దాగిన బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఆ విధముగా చూపు మన పొట్టు మీద పడినది.

నిజమునకు ఇది రెండవసారి పడిన చూపు. 1860 ప్రాంతముననే ఇంగ్లండు తోటమాలులు “కొబ్బరిపీచు చెత్త” అను పేర దీనిని కొని వాడినారు. తరువాత మరచినారు. మరల 1980 తరువాతనే జ్ఞాపకము వచ్చినది. వారికి రెండుసార్లు పనికివచ్చినది మనకు ఒక్కసారియైనను చెత్త కాకుండా పోలేదే అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

పొట్టులోని గుణము ఏమనగా, తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి కూడ, రేణువుల మధ్య గాలికి దారి విడుస్తుంది. రాస్ప్‌బెర్రీ వేరుకు నీరు ఎంత అవసరమో ఊపిరి అంత అవసరము. కుండీకి రెండేసి కొమ్మలు నిలిపి, గొట్టముల ద్వారా చుక్కచుక్కగా నీటిని, ఎరువును కలిపి ఇస్తారు. కుండీ అడుగు నుండి కారిన నీటిని పట్టి అందులోని ఉప్పును కొలుస్తారు. ఆ కొలతను బట్టియే మరునాటి నీరు. పొట్టులో స్వయముగా ఆహారము దాదాపు లేదు. కావున పెంచేవాని తెలివియే మొక్కకు నేల.

ఈ పాఠము నేను పుస్తకములో చదువక ముందే నష్టపడి నేర్చుకున్నాను. మూడేండ్ల క్రిందట వేసవి సెలవులలో అమలాపురము వైపు బంధువుల ఇంటికి పోయి రెండు బస్తాల పొట్టు తెచ్చినాను. కుండీలలో నింపి టమాటా నారు నాటినాను. పది దినములలో ఆకుల అంచులు కాలినట్లు మాడిపోయినవి. విత్తనము అమ్మినవానిని తిట్టుకున్నాను. తప్పు నాదే. పచ్చి పొట్టులో పొటాషియము, సోడియము, క్లోరైడు లవణములు దండిగా ఉంటాయి. ఉత్త నీటితో కడిగితే కొంత పోతుంది గాని, రేణువులకు అంటిపెట్టుకొనిన పొటాషియము, సోడియము పోవు. పైగా మనము వేసిన ఎరువులోని కాల్షియమును ఆ రేణువులు లాగుకొని, మొక్కకు అందకుండా చేస్తాయి. అందుచేత పొట్టును కాల్షియం నైట్రేటు ద్రావణములో నానబెట్టి, ఆ లవణములను విడిపించి, మరల మంచినీటితో కడగవలెను. దీనినే బఫరింగ్ అంటారు. విదేశీ కొనుగోలుదారుడు అధిక ధర ఇచ్చునది ఈ పనికే.

నేను చెప్పదలచిన అసలు మాట ఇక్కడ ఉన్నది. ఈ కడుగుడు చాలవరకు జరిగేది అక్కడ కాదు, ఇక్కడ. మంచినీరు ఇక్కడిది. కడిగిన తరువాత ఉప్పుతో, నైట్రేటుతో కారే నీరు పారేది ఇక్కడి నేల మీద. అక్కడి అంగడిలో పండ్ల పెట్టె కొన్న గృహిణికి, ఒక చిత్తడి నేలను కాపాడితిమన్న తృప్తి కలుగుతుంది. ఆ తృప్తిని నేను హేళన చేయను. ఆ నేలలు కాపాడదగినవే. కాని వాటిని కాపాడుటకు ఇంకొక చోట ఒక బావి ఉప్పు కారాదు గదా! కడిగిన నీటిని తొట్టిలో నిలిపి శుద్ధి చేయు ఖర్చు ఇటుక ధరలో చేరవలెను. అది చేరని ధర, నా దృష్టిలో, సరియైన ధర కాదు. వ్యాపారమును ఆపమని నేననుట లేదు. కళ్ళాలలో పొట్టును ఆరబోసి తిరగవేసే ఆడకూలీలకు ఆ పని ఆధారము.

అసలు ఎగుమతియే వద్దు, అంతయు మన పొలములకే వాడుకొందుమని వాదించువారున్నారు. వారి మాటలో కొంత బలము లేకపోలేదు. టన్ను పొట్టుకు ఐదు కిలోల యూరియా, కిలోన్నర ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనము పొరలు పొరలుగా చల్లి తడిగా ఉంచితే, సుమారు నెలకు అది నల్లని ఎరువగునని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయము చూపినది. నత్రజనికి 112 రెట్లున్న కర్బనము 24 రెట్లకు దిగుతుంది. మెట్ట భూములలో తడిని నిలుపుటకు ఇంతకంటె చవకైన వస్తువు అరుదు. ఐనను, కొనేవాడు వచ్చి వాకిట నిలిచినపుడు రైతు ఎరువు కుప్ప వేయునా, ఇటుక మిల్లుకు అమ్మునా? రెండవదే చేయును, చేయుటలో తప్పు లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఇది. సైన్సు భవనము వెనుక ఖాళీగా ఉన్న స్థలములో ముప్పది కుండీలకు అనుమతి ఇప్పించండి. పది కుండీలలో పచ్చి పొట్టు, పదింటిలో కడిగి బఫర్ చేసిన పొట్టు, పదింటిలో మన ఎర్రమట్టి. పైరు టమాటాయే; రాస్ప్‌బెర్రీ కాదు. నీటిలోని ఉప్పును కొలిచే ఈ.సి. మీటరు ఒకటి కావలెను. దాని వెల మనము వార్షికోత్సవపు షామియానాకు ఇచ్చే అద్దెకంటె తక్కువే. కడిగిన నీటిని మురుగులోనికి వదలక పీపాలో పట్టి, దానిలోని ఉప్పును కూడ కొలవవలెను. నా దృష్టిలో టమాటా దిగుబడికంటె ఆ లెక్కయే ముఖ్యము, ఏలయనగా ఒక టన్ను పొట్టు శుద్ధికి ఎంత ఉప్పునీరు బయటపడునో మన విద్యార్థులు తమ చేతులతో తేల్చుకొనగలరు. లెక్కల పుస్తకము ఒక పుట తెలుగులో, ఎదుటి పుట ఉర్దూలో వ్రాయించెదను. రెండు విభాగముల విద్యార్థులు పంచుకొని వ్రాయగలరు.

పొట్టు తెప్పించు భారము నాది. బంధువులు ఉచితముగానే ఇస్తారు. లారీ కిరాయి మాత్రము కమిటీవారు భరించవలసి యుండును. బస్తాలు పదికి మించవు.